వేపమండ కట్టిన బండ

బండ ఎక్కడానికి బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్ళను మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ వాళ్ళను అడిగింది, పైన ఏముందని. ఏమీ లేదన్నారు. మరి ఎందుకు ఎక్కుతున్నారంటే నవ్వారు. పాపం దారి తెలియక అంత నిలువు మీద వేళ్ళు గీసుకుంటున్నారనుకొని, వెనక పక్క మేకలు పోయే దారి ఉంది, అటు పోండి అని చెయ్యి చూపించింది. దానికి ఇంకా నవ్వారు. ఆ రోజే మా అమ్మకు వాళ్ళ మీద మర్యాద పోయింది. నాకు పోవడానికి కొన్నేళ్ళు పట్టింది.

ఆ బండ మా చేను చివర ఉంది. పాపిరెడ్డిపట్టిలో టౌన్ బస్సు ఎక్కి చిత్తేరి కొండల వైపు వస్తుంటే బట్టతలలా కనిపిస్తుంది. ఊరి పక్క కత్తితో కోసినట్టు నిలువుగా ఉంటుంది. అవతలి పక్క అడవి, ముళ్ళపొదలు, మేకలదారి. మేము తెలుగువాళ్ళం. ఎప్పటి నుంచో ఇక్కడే రాగులు, చెనిక్కాయలు పండించుకుంటున్నాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం.

వచ్చేవాళ్ళు కార్లు మా కళ్ళంలో నిలిపేవాళ్ళు. వాళ్ళకు పెద్దలాంటి ఆయనకు గుండెల దాకా గడ్డం. ఆయనా తెలుగువాడే, కానీ బెంగళూరులో పెరిగినవాడు. మా తెలుగు వింటే ఆయనకు నవ్వు, ఆయన తెలుగు వింటే మా అమ్మకు నవ్వు. నన్ను చెల్లీ అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. మా అమ్మ వెనకాల గడ్డపోడు అనేది. ఇక్కడ నేను గడ్డమాయన అని రాస్తాను. అంతకంటే మర్యాద ఆయనకు అక్కర్లేదు.

ప్లస్ టూలో లెక్కలు తప్పి నేను ఇంట్లో ఉన్న ఏడాది, వాళ్ళతో వచ్చిన ఒకామె ఊరికే సరదాకు నా నడుముకు బెల్టు కట్టి, తాడు తగిలించి, ఎక్కి చూడు అంది. ఎక్కాను. కింద వాళ్ళంతా మాటలు ఆపేశారు. దిగాక ఇంకోసారి ఎక్కమన్నారు. మళ్ళీ ఎక్కాను. నాకు ఏ పనీ అంత తొందరగా చేతకాలేదు. వంటా రాలేదు, లెక్కలూ రాలేదు, అది మాత్రం వచ్చింది. వాళ్ళు బొటనవేలి దగ్గర చిరిగిన షూ ఒక జత నాకు ఇచ్చారు. ఇచ్చినందుకు ఫోటో కూడా తీసుకున్నారు. చెత్తలో వేయాల్సిన షూ ఇచ్చి ఫోటో తీసుకునేవాళ్ళను నేను అంతకు ముందు చూడలేదు.

బండ మధ్యలో వాననీళ్ళు జారి రెండు నల్లటి చారలు పడ్డాయి. ఆ రెంటి నడుమ ఎక్కడం ఎవరి వల్లా కాలేదు. ముక్కాలు భాగం బాగానే పోతుంది. పైన బండ ఒక చోట కడుపులా ముందుకు ఉబ్బుతుంది, అక్కడ అందరూ జారి తాడు మీద వేలాడతారు. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. కింద నుంచి పై దాకా ఎక్కడా జారకుండా, తాడు మీద బరువు వేయకుండా మొదట ఎవరు ఎక్కుతారో ఆ దారి వాళ్ళది. పేరు వాళ్ళే పెడతారు. వాళ్ళ వెబ్‌సైటులో ఆ పేరు పక్కన ఎక్కినవాళ్ళ పేరు ఎప్పటికీ ఉంటుంది. గడ్డమాయన అప్పటికి రెండేళ్ళుగా ఆ ఉబ్బు దగ్గర జారుతున్నాడు. నేనూ జారుతున్నాను, కానీ ఆయన కంటే ఒక జానెడు పైన. నాకు కావలసింది అదొక్కటే. ఆ రెండు చారల నడుమ ముందుగా నేను ఎక్కాలి.

ఎప్పుడంటే అప్పుడు ఎక్కడానికి లేదు. ఎండలు ముదిరేటప్పటికి పెరతేనె ఈగ వచ్చి ఆ ఉబ్బు కింద పెద్ద పెద్ద తుట్టెలు కడుతుంది. వాటిని కదిలిస్తే మనిషి మిగలడు. వానలు బాగా పడి అవి లేచిపోయే దాకా బండ దగ్గర మాట కూడా మెల్లగా మాట్లాడాలి. ఇది మా ఊళ్ళో అందరికీ పుట్టినప్పటి నుంచి తెలుసు. బెంగళూరువాళ్ళు దీన్ని కనిపెట్టి ఇంగ్లీషులో రాసి, సీజన్ క్లోజర్ అని ఒక రేకు చేయించి మా చేను గట్టు మీద పాతారు. ఆ రేకు మా అమ్మకు మిరపకాయలు ఎండేసుకోవడానికి పనికొచ్చింది. ఎలా చూసినా ఎక్కడానికి మిగిలేది చలికాలమే. అది పోతే ఇంకో ఏడాది.

కరోనా వచ్చినప్పుడు తుట్టెలు అప్పటికే కట్టి ఉన్నాయి. అన్నీ మూసేస్తున్నారని టీవీలో చెప్పిన ఆ వారమే బెంగళూరు నుంచి రెండు కార్లు వచ్చాయి. ఆఫీసు లేదట, ఇంటి నుంచే పని అట, ఇంట్లో ఊపిరి ఆడటం లేదట. పెద్ద బండ మూసి ఉంటుంది కాబట్టి పక్కనున్న చిన్న గుండ్లు ఎక్కి పోతామన్నారు. మాస్కులు గడ్డాల కింద పెట్టుకొని మా బోరు దగ్గర కాళ్ళు కడుక్కున్నారు. ఊరు ఊరంతా చూసింది.

వాళ్ళు పోయాక రేషన్ అంగడి ముందు పంచాయతీ కూర్చుంది. మా ఊరి పెద్ద మా పెదనాయనే, అంటే మా నాయనకు అన్న. అప్పటికే ఊరి రోడ్డుకు తుమ్మకంప అడ్డం వేశారు. కంప బండకు చాలదు, వాళ్ళు చదువుకున్నోళ్ళు, కంప తీసి వస్తారని ఒకరన్నారు. అప్పుడు మా పెదనాయనకు ఒక ఆలోచన పుట్టింది. బండకు కాప్పు కడదామన్నాడు.

కాప్పు అంటే మారియమ్మ పండగకు ముందు కట్టే కట్టు. పండగ రోజు ఏదో ముందే ఖాయం చేసుకుంటారు. పూజారి చేతికి పసుపుకొమ్ము కట్టిన తాడు కడతారు, ఊరి పొలిమేరలో వేపమండల తోరణం కడతారు. అది కట్టాక ఊళ్ళోవాళ్ళు బయట పడుకోకూడదు, బయటివాళ్ళు లోపల ఉండకూడదు. పండగ అయ్యి, అంబలి పోసి, అమ్మవారి కరగం కుండను నీళ్ళలో విడిచిన తర్వాతే దాన్ని విప్పుతారు. ఇంకో విధంగా విప్పడానికి లేదు. ఎవరైనా దాటితే ఊరికి జబ్బు వస్తుందని నమ్మకం. జబ్బు అప్పటికే ఊరి బయట నిలబడి ఉంది కాబట్టి ఆ మాట అందరికీ బాగా పట్టింది. బండకు పోయే దారికి అడ్డంగా వేపమండలు కడితే ఊరివాళ్ళూ దాటరు, ఊరివాళ్ళు దాటకపోతే బయటివాళ్ళకు దారి చూపేవాళ్ళు ఉండరు. అది మా పెదనాయన లెక్క.

ఆడవాళ్ళు నిలబడ్డ పక్క నుంచి మా అమ్మ అడిగింది. "పండగ ఎప్పుడని చెప్పకుండా కాప్పు కడతారా బావా?"

"ముందు కడతాము మ్మే. పండగ సంగతి తర్వాత చూస్తాము."

"తర్వాత సర్కారు పండగ వద్దంటే?"

"అమ్మవారి పండగను వద్దనేకి సర్కారుకు ఎన్ని గుండెలు? నువ్వు పో, పొయ్యి మీద ఏముందో చూసుకో."

కట్టారు. పంబ కొట్టించి, పూజారి చేతికి పసుపుతాడు కట్టి, బండ దారి మొదట్లో ఈ చింతచెట్టు నుంచి ఆ చింతచెట్టుకు వేపమండల తోరణం లాగారు. అడవి పక్క కట్టలేదు. అటు ఎవరు వస్తారు అన్నారు. ఊరి పక్క మాత్రం చాలా గట్టిగా కట్టారు.

సర్కారు మొదట మూసింది పండగలనే. ఆఖరున తెరిచిందీ వాటినే. మధ్యలో బ్రాంది అంగడి తెరిచారు, బస్సులు వదిలారు, గుళ్ళు తెరిచారు, కానీ పండగ, ఊరేగింపు, అంబలి పోయడం ఏవీ వద్దన్నారు. పండగ లేకపోతే కాప్పు విప్పడానికి లేదు. తాళం వేసి తాళంచెవి ఎక్కడ పెట్టాలో ఆలోచించనివాళ్ళు మా ఊరి పెద్దలు.

కాప్పు కట్టిన వారంలోనే గడ్డమాయన, నేనూ ఉన్న వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పొడుగ్గా రాశాడు. మనం లోకల్ కమ్యూనిటీని గౌరవించాలి, ఎవరూ ఆ బండ దగ్గరకు పోకూడదు, పోయినవాళ్ళను గ్రూపు నుంచి తీసేస్తాను అని. కింద అందరూ దండాలు పెట్టారు, గుండె బొమ్మలు వేశారు. తర్వాత నాకు ఫోన్ చేశాడు.

"చెల్లీ, ఇక నుంచి అక్కడ మన తరఫున నువ్వే బాధ్యురాలివి. ఎవరైనా వస్తే ఆపాలి. నువ్వు కూడా ఎక్కకూడదు. మనం చెప్పింది మనమే చేయకపోతే ఎలా?"

సరే అన్నాను. అప్పటికి నాకు ఆ మాట పెద్దగానే వినపడింది. మన తరఫున అన్నాడు కదా. ధర్మపురి నుంచి బైకుల మీద వచ్చిన కుర్రాళ్ళను రెండుసార్లు వెనక్కి పంపాను. నేనూ తోరణం దాటలేదు. దాటితే, తర్వాత ఊళ్ళో ఎవరు దగ్గినా మా అమ్మ మొహం మీదికి వస్తారని తెలుసు.

వానలు పడ్డాయి. పెరతేనె లేచిపోయింది. వదిలేసిన తుట్టెలు నల్లగా ఎండి రాలాయి. చలి మొదలయింది. చేనులో నిలబడితే ఆ రెండు చారలు ఎదురుగా కనిపిస్తాయి, నడుమ బండ పొడిగా, శుభ్రంగా, ఎక్కడానికి ఎంత బాగుంటుందో అంత బాగా ఉంది. తోరణంలో వేపాకు ఎండి రాలిపోయి ఉత్త తాడు మిగిలింది. ఆ తాడు నన్ను ఆపుతోంది.

నాకు అప్పుడు తొందర ఎక్కువయింది. హోసూరులో ఒక కంపెనీకి ఆడపిల్లలను తీసుకుంటున్నారు, హాస్టల్ వాళ్ళదే. పొంగల్ దాటాక రమ్మన్నారు. పోతే ఇంక ఆదివారం తప్ప సెలవు లేదు. ఈ చలికాలం ఎక్కకపోతే వచ్చే చలికాలానికి నేను ఇక్కడ ఉండను, గడ్డమాయన ఉంటాడు.

పెదనాయన ఇంటికి పోయాను. పూజారి కూడా అక్కడే అరుగు మీద కూర్చొని ఉన్నాడు. చేతికి పసుపుతాడు నల్లబడి చర్మంలో కలిసిపోయింది. కాప్పు కట్టుకున్నవాడు గడ్డం గీసుకోకూడదు, మాంసం తినకూడదు, బయట ఊళ్ళో పడుకోకూడదు. ఆయన కూతురు తీర్థమలైలో కాన్పు అయ్యి ఎన్నాళ్ళో అయింది, మనవడిని ఇంకా చూడలేదు. ఆ కోపమంతా మొహంలో ఉంది.

"పెదనాయనా, ఊళ్ళో అందరూ కోడి కోసుకుంటాండారు కదా, కాప్పు ఉంటే కోయకూడదు కదా?" అని మొదలుపెట్టాను.

"అది బండకు కట్టింది మ్మే, ఊరికి కాదు. ఊరోళ్ళు తినొచ్చు."

"మీ బావమరిది సేలంలో పడుకొని వచ్చినాడే?"

"ఆయనది అవసరం."

"నాకూ అవసరమే. ఒక్కసారి బండ ఎక్కి దిగుతా."

"బండ ఎక్కేది ఒక అవసరమా? నీకు ఏమన్నా గాలి సోకిందా?"

పూజారి దగ్గరికి తిరిగాను. "మీరైనా చెప్పండి సామీ. దీనికి దారి లేదా?"

"ఉంది," అన్నాడు పూజారి విసుగ్గా. "పెండ్లి చేసుకొని వేరే ఊరికి పో. ఊరు మారితే ఈ కాప్పు నీకు లేదు."

మా అమ్మ అప్పుడే నా కోసం వెతుక్కుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "బండ ఎక్కేకి మొగుడు కావల్లా సామీ?" అంది. "అయితే ఎక్కేవాళ్ళకంతా మీరే సంబంధం చూడండి. గడ్డపోడికి కూడా ఒకటి చూడండి."

పూజారికి నవ్వు వచ్చింది. పెదనాయనకు రాలేదు. ఊరివాళ్ళ కోడికి, బావమరిది సేలానికి సందు ఉన్న కట్టు నా దగ్గరకు వచ్చేసరికి సందు లేని గోడ అయింది. అందులో అమ్మవారి తప్పు ఏమీ లేదు. ఆ తోరణం కట్టిన చేతులు ఎవరివో నాకు తెలుసు, అవి ఎవరికి వంగుతాయో కూడా ఆ రోజే తెలిసింది.

ఒక రోజు పొద్దున మా అమ్మా నేనూ చేనులో రాగి వెన్నులు కోస్తున్నాం. బండ పక్క నుంచి కేక వినపడింది. ఇంగ్లీషు కేక. జారబోయేవాడు కింద తాడు పట్టుకున్నవాడికి వేసే కేక అది, నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. తల ఎత్తితే రెండు చారల నడుమ నీలం తాడు. దాని చివర గడ్డం.

కొడవలి అక్కడే పడేసి పరుగెత్తాను. తోరణం దగ్గరకు వచ్చి ఆగిపోయాను. అంత కోపంలో కూడా కాళ్ళు అక్కడ ఆగాయి. దానికి ఇప్పటికీ నా కాళ్ళ మీద నాకు మంట.

"అన్నా. ఏం చేస్తాండావు?"

ఆయన తాడు మీద వేలాడుతూ కిందికి చూశాడు. కింద తాడు పట్టుకున్న స్నేహితుడు నేను దెయ్యమైనట్టు చూశాడు.

"చెల్లీ, నువ్వా. భయపడకు, మేము అడవి వైపు నుంచి వచ్చాం. అటు తోరణం లేదు. మీ కట్టు మేము తెంచలేదు."

"మూసినామని గ్రూపులో రాసింది నువ్వే కదా?"

"అది గ్రూపుకు. అందరూ వస్తే ఊరికి ఇబ్బంది. మేము ఇద్దరమే కదా."

ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో సిగ్గు కొంచెం కూడా లేదు. నేను అర్థం చేసుకోవాలని నిజంగా అనుకుంటున్నాడు. ఆ మొహాన్ని నేను కింద నుంచి చూస్తూ, ఇంతకాలం ఈ మనిషిని అన్నా అని పిలిచాను కదా అనుకున్నాను.

నా కేక విని మా పెదనాయన వచ్చాడు. వెనక ఇంకో ముగ్గురు నలుగురు ముసలివాళ్ళు. అందరూ వచ్చి తోరణం దగ్గర వరుసగా నిలబడ్డారు. ఎవరూ దాటలేదు. అక్కడి నుంచే తిట్టడం మొదలుపెట్టారు. తెలుగులో తిట్టారు, అర్థం కాదేమోనని తమిళంలో తిట్టారు. ఆయన వాళ్ళ వైపు రెండు చేతులూ జోడించి దండం పెట్టి, వేళ్ళు జారకుండా సుద్దపొడి పూసుకొని మళ్ళీ ఎక్కాడు. బయటివాళ్ళను ఆపడానికి కట్టిన కట్టు ఊరివాళ్ళను ఆపి నిలబెట్టింది, బయటివాడు ఎదురుగా బండ ఎక్కుతున్నాడు. ఊరి పెద్దలంతా ఆకులు రాలిన తాడు వెనక నిలబడి చూస్తున్నారు.

ఉబ్బు దగ్గర ఆయన చెయ్యి జారింది. కిందికి పడి తాడు బిగిసి బండకు కొట్టుకున్నాడు.

"పడినాడా?" అన్నాడు పెదనాయన ఆశగా.

"తాడు ఉంది పెదనాయనా. ఏం కాదు."

"ఏం కాదా? అయితే మళ్ళీ ఎక్కుతాడా?"

"ఎక్కే దాకా ఎక్కుతాడు. దాని కోసమే వచ్చినాడు."

పెదనాయన వెనక ఉన్నవాళ్ళను చూశాడు, తోరణం చూశాడు, నన్ను చూశాడు. గొంతు తగ్గించాడు. "నువ్వు పో. పోయి దించుకొని రా."

"కాప్పు?"

"కట్టినోడిని నేనే కదా, నేను చెప్తాండా, పో. అమ్మవారికి నేను చెప్పుకుంటా."

నేను అడిగినప్పుడు గాలి సోకిందన్న మనిషి. తల వంచి తోరణం కింద దూరాను.

నేను బండ కిందికి పోయేసరికి గడ్డమాయన దిగి కూర్చున్నాడు. వేళ్ళ చివర్లు రక్తంగా ఉన్నాయి. ముందు అడిగింది ఇది. "నువ్వు ఫోటో ఏమీ తీయలేదు కదా? గ్రూపులో పెట్టకు, ప్లీజ్."

"బెల్టు ఇయ్యి."

"ఎందుకు?"

"నేను ఎక్కల్ల."

"చెల్లీ, ఇప్పుడు మూసి ఉంది కదా."

"మరి నువ్వు ఏం చేస్తాండావు?"

"నేను తాడు తగిలించడానికి బండకు కొట్టిన బోల్టులు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తున్నా. వానల తర్వాత ఎవరో ఒకరు చూడాలి."

స్నేహితుడు నేల చూశాడు. వాడికి కొంచెం సిగ్గు ఉంది.

"నీ కారు అడవి పక్క చింతతోపులో ఉంటాది," అన్నాను. "మా పెదనాయనకు ఈ మాట తెలియదు. చెప్పల్లా?"

బెల్టు ఇచ్చాడు. స్నేహితుడు కింద తాడు పట్టుకున్నాడు. షూ ఇంట్లో ఉన్నాయి, ఉత్త కాళ్ళతోనే ఎక్కాను. ముక్కాలు భాగం ఎలా పోయానో గుర్తు లేదు, అది చేతులకే తెలుసు. ఉబ్బు కింద పాత తుట్టెల మైనం బండకు అంటుకొని ఉంది. జిడ్డు. ఆయన అందరిలాగే దాన్ని తప్పించుకొని కుడి పక్కకు చెయ్యి చాచి జారుతుంటాడు. నేనూ ఇదివరకు అట్లాగే జారాను. ఈసారి ఎడమ కాలు పైకి, ఇంచుమించు నడుము దాకా ఎత్తి ఒక చిన్న అంచు మీద బొటనవేలు ఆనించాను. షూ వేసుకుంటే ఆ అంచు తెలియను కూడా తెలియదు. కింద నుంచి పెదనాయన అరుస్తున్నాడు. "దించమంటే నువ్వు యాడికి పోతాండావు మే, దిగు మే." తమిళంలో కూడా అరిచాడు. బొటనవేలి మీద లేచాను. చెయ్యి పైన గుంటలో పడింది. అంతే, ఇంక జారడానికి ఏమీ లేదు.

పైన నిలబడితే చలిగాలి. ఊరు చిన్నదిగా, మూడు పక్కలా తెరుచుకొని ఉంది. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, గాలికే అనుకుంటాను. మా చేనులో మా అమ్మ రాగి కొయ్యడం ఆపి, నడుము మీద చేతులు పెట్టుకొని ఇటే చూస్తోంది. చెయ్యి ఊపాను. ఆమె ఊపలేదు. కొంగుతో మొహం తుడుచుకొని మళ్ళీ వంగింది.

మేకలదారి గుండా దిగి వచ్చాను. గడ్డమాయన తాడు చుడుతున్నాడు. "బాగా ఎక్కావు," అన్నాడు. "చాలా బాగా. కానీ, చెల్లీ, ఇది లెక్కలోకి రాదు. మూసి ఉన్న టైములో ఎక్కింది మనం రాసుకోము. అది మన నియమం. తెరిచాక వచ్చి మళ్ళీ ఎక్కు, అప్పుడు రాద్దాం."

ఆయన పక్కన నిలబడి ఉన్న స్నేహితుడు కూడా ఈసారి ఆయన మొహం వైపు చూశాడు. నేను నవ్వాను. ఇంకేం చేస్తాను.

తోరణం దగ్గరకు వస్తే పెదనాయన అడిగాడు. "ఏమంటాడు వాడు?"

"నేను ఎక్కింది లెక్కలోకి రాదంట."

"ఏ లెక్క?"

"వాళ్ళ లెక్క."

పెదనాయన చుట్టూ ఉన్నవాళ్ళను చూసి గొంతు సవరించుకున్నాడు. "మన లెక్కలో కూడా రాదు. నువ్వు ఈ తాడు దాటనే లేదు. మేము చూడనే లేదు. ఏమప్పా?"

ముసలివాళ్ళంతా తలలు ఊపారు. అంత తొందరగా వాళ్ళు ఒక్క మాట మీదికి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. బెంగళూరువాడు చదువుకొని చెప్పిన మాటనే మా పెదనాయన చదువు లేకుండా చెప్పాడు. ఇద్దరి మధ్యా ఆ తాడు ఉంది కానీ ఇద్దరూ ఒకే గూటివాళ్ళు. ఇద్దరికీ బండ కంటే బండ మూసిన మాట ముఖ్యం, ఆ మాటను తాము ఎప్పుడు దాటుకోవచ్చో తమకే తెలియాలి.

పొంగల్ దాటింది, నేను హోసూరు పోయాను. పెరతేనె వచ్చింది. రెండోసారి కరోనా వచ్చింది, ఈసారి మా ఊళ్ళోకి కూడా వచ్చింది, తోరణాన్ని అడగకుండానే వచ్చింది. పెదనాయన కూడా పడుకొని లేచాడు. ఆయన లేచిన తర్వాత పండగకు మనసు గట్టి చేసుకొని, తాసిల్దారు ఆఫీసులో ఎవరినో పట్టుకొని, కొద్దిమందితో అంబలి పోసి కాప్పు విప్పారు. పూజారి గడ్డం గీసుకొని ఆ పొద్దే తీర్థమలై బస్సు ఎక్కాడట. ఆయన ఒక్కడి కోసం సంతోషపడ్డాను.

ఆ చలికాలం గ్రూపులో గడ్డమాయన మళ్ళీ పొడుగ్గా రాశాడు. బండ తెరిచారు, లోకల్ కమ్యూనిటీకి కృతజ్ఞతలు అని. రెండు వారాల తర్వాత ఆ రెండు చారల నడుమ ఎక్కానని ఫోటో పెట్టాడు. వెబ్‌సైటులో ఆ దారికి ఇంగ్లీషులో ఒక పేరు, పక్కన ఆయన పేరు, మొదటివాడు అని. ఫోటోలో ఎడమ కాలు నడుము దాకా ఎత్తి ఉంది. కుడి కాలికి షూ ఉంది, ఎడమ కాలికి లేదు. నేను హాస్టల్లో రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఫోన్ చూస్తూ ఆ కాలును చాలాసేపు చూశాను. నా పక్క మంచం పిల్ల ఏమిటక్కా అని అడిగింది. ఏమీ లేదు, మా ఊరి బండ అన్నాను.

ఆదివారం అమ్మకు ఫోన్ చేశాను. వాళ్ళు వచ్చారా అని అడిగాను.

"వచ్చినారు. పెద్ద గుంపు. కేకు కూడా తెచ్చినారు. బండ కింద కేకు కోసి చప్పట్లు కొట్టుకున్నారు."

"నీ దగ్గరకు వచ్చినాడా?"

"రాకుండా యాడికి పోతాడు? బోరు మనదే కదా. అమ్మా నీళ్ళు అన్నాడు. ఇచ్చినాను."

"ఏమన్నా అన్నావా?"

"నేనేమంటా? గుంపంతా ఉండారు. చెంబు చేతికి ఇచ్చి, నా కూతురు పోయిన ఏడాది ఎక్కింది, నేను ఈ చేనులోనే నిలబడి చూసినాను, నువ్వు రెండోవాడివి, తాగు అన్నాను."

"అమ్మా."

"ఏం? అబద్ధమా? ఆ పక్కనున్న పిల్లకాయ, వాడి స్నేహితుడు, వాడు తల ఊపినాడు. గడ్డపోడు నీళ్ళు తాగలేదు. చెంబు గట్టు మీద పెట్టి పోయినాడు."

"కోపం వచ్చిందేమో."

"రానీ. మిరప నారుకు పోసినాను ఆ నీళ్ళు. నువ్వు తిన్నావా లేదా, అది చెప్పు."